రెండు నంబర్ల కారు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

"ఇంజనీరువి కదా, ఏదైనా టెక్నికల్ విషయం చెప్పు. కాకపోతే భోజనాలకు ముందు మాట్లాడుతున్నావు, అది గుర్తుపెట్టుకో" అన్నారు మన కార్యదర్శి గారు. అందుకని సిద్ధాంతాల జోలికి పోను. మా నాన్నగారి కారు సంగతి చెబుతాను. మా బ్యాచ్ వాళ్ళకు ఆ కారు బాగా తెలుసు. వాళ్ళు దాన్ని చూడటమే కాదు, తోశారు కూడా. వాన పడ్డ రోజుల్లో నాన్న నన్ను స్కూలు గేటు దగ్గర దింపాక అది మళ్ళీ స్టార్ట్ అయ్యేది కాదు. పుస్తకాల సంచీలు గోడ మీద పెట్టి తోసినవాళ్ళల్లో ముగ్గురు ఈ హాల్లోనే ఉన్నారు. వాళ్ళకు నలభై ఏళ్ళు ఆలస్యంగా థాంక్స్ చెబుతున్నాను.

అది ఫియట్ 1100 డిలైట్. 1967 మోడలు. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ళు చేసిన బండి. 1089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కన గేరు. ఆ తర్వాత ఆ బండే ప్రీమియర్ పద్మిని అన్న పేరుతో మన రోడ్ల మీద తిరిగింది. నాన్న దాన్ని 1976లో కోస్తాలో ఉద్యోగం చేస్తున్నప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. 1979లో సికింద్రాబాదులో దక్షిణ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయానికి బదిలీ అయి వస్తూ మాతో పాటు దాన్నీ తెచ్చారు. ఆయన అకౌంట్స్ విభాగంలో పనిచేసేవారు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, దీనితో తర్వాత పని ఉంది.

మన సంఘానికి ఈ ఏడు యాభై, కారుకు యాభై ఎనిమిది. 2021 జూలైలో కేంద్ర రవాణా శాఖ మోటారు వాహనాల నిబంధనలకు ఒక సవరణ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలోనే ఉన్న రెండు చక్రాల, నాలుగు చక్రాల బండ్లకు "వింటేజ్" అని పేరు పెట్టింది. ఆ లెక్కన మన సంఘం కూడా వింటేజ్‌లోకి అడుగు పెడుతున్నట్టే. అసలు రూపంలో ఉన్నామా లేదా అన్నది మాత్రం పక్కవాడి తల చూసి మీరే తేల్చుకోండి.

నాన్న 2019లో పోయారు. కారు అప్పటికి పాతికేళ్ళకు పైగా మారేడుపల్లిలో మా ఇంటి షెడ్డులో గుడ్డ కప్పుకుని ఉంది. తుక్కు కొనేవాడు వచ్చి తూకానికి బేరం పెట్టాడు. తమ్ముడు ఇచ్చేద్దామన్నాడు. అమ్మ ఒక్కటే మాట అంది: "అమ్మకండిరా. నడిపించండి. ఒక్కసారి దాంట్లో ఉజ్జయిని మహంకాళి గుడికి వెళ్ళాలి." ఆ మాటతో 2022లో పని మొదలుపెట్టాను.

ఇంజను సంగతి నాకు భయం లేదు. నా వృత్తే యంత్రాలతో. మా మెకానిక్ భాయ్ కార్బ్యురేటరు విప్పాడు, రాణీగంజ్‌లో నాలుగు ఆదివారాలు తిరిగి సామాన్లు సంపాదించాం, మూడో నెలలో బండి దగ్గింది, నాలుగో నెలలో కదిలింది. ఇక కాగితాలే అనుకున్నాను. ఆ "ఇక" అన్న మాటకు పదకొండు నెలలు పట్టింది.

కాగితాల పనిలో మొదటి మెట్టు ఛాసిస్ నంబరు ప్రింటు తీయడం. నంబరు కొట్టి ఉన్న చోట కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దుతాం. చిన్నప్పుడు నాణెం మీద కాగితం పెట్టి రుద్దామే, అదే విద్య. ఫియట్‌కు లారీలాగా కింద విడిగా చట్రం ఉండదు. బాడీయే చట్రం. అందుకని నంబరు ఇంజను గదిలోని రేకు మీదే ఉంటుంది. దాని మీద నాలుగు పొరల పెయింటు పేరుకుపోయింది. మెల్లగా కరిగించి రుద్దితే నంబరు తేలింది. చివరి మూడంకెలు 438. ఆర్సీ బుక్కు తీసి చూశాను. అందులో 483.

ఇంజను నంబరు చూద్దామని బ్లాకు మీద గ్రీజు తుడిచాను. అది అసలు దగ్గర్లో కూడా లేదు. పూర్తిగా వేరే నంబరు.

మీలో చాలామందికి రెండు పుట్టినరోజులు ఉన్నాయని నాకు తెలుసు. అమ్మ చెప్పింది ఒకటి, ఎస్సెస్సీ సర్టిఫికెట్‌లో ఉన్నది ఒకటి. ఊళ్ళో బడిలో వేసేటప్పుడు ఎవరో వేళ్ళ మీద లెక్కపెట్టి జూన్ నెలలో ఒక తేదీ రాసేసి ఉంటారు. మన విషయంలో కాగితమే గెలిచింది. రిటైర్మెంటు కూడా ఆ తేదీకే ఇస్తారు. కారు విషయంలో అలా కాదు. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 55, ఉపవిభాగం 5 చదివాను. బండి మీద చెక్కి ఉన్న ఇంజను నంబరు గానీ ఛాసిస్ నంబరు గానీ ఆర్సీలో రాసిన దానికి భిన్నంగా ఉంటే, యజమానికి నోటీసిచ్చి, అతను చెప్పేది విని, కారణాలు రాతపూర్వకంగా నమోదు చేసి రిజిస్ట్రేషన్ రద్దు చేయాలి. నాకు ఒకటి కాదు, రెండు నంబర్లూ తేడాయే. అంటే నిజం చెబుతూ నేనే వెళ్ళి ఆఫీసులో నిలబడితే, ఆ కారు చట్టం దృష్టిలో కారు కాకుండా పోయే ప్రమాదం ఉంది.

ఒక ఏజెంటును అడిగాను. అతను నవ్వాడు. "దీనికెందుకు సార్ ఇంత టెన్షన్? రేకు కాస్త గ్రైండ్ చేయించి 483 అని పంచ్ కొట్టించేద్దాం. పంచ్ సెట్టు మన దగ్గరే ఉంది. అరగంట పని. బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు వచ్చేసరికి బుక్కూ బండీ ఒకటే మాట చెబుతాయి." తమ్ముడికి ఆ మాట నచ్చింది. "కారు మనదే కదా అన్నయ్యా. ఎవరి సొమ్మూ దొంగిలించట్లేదు. మన కారుకు మన పుస్తకంలో ఉన్న నంబరు పెట్టుకుంటే తప్పేమిటి?" అన్నాడు. నిజం చెబుతున్నాను, ఆ ప్రశ్నకు ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు.

జవాబు ఈ స్కూల్లోంచి వచ్చింది. తొమ్మిదో తరగతిలో ఫిజిక్స్ ప్రాక్టికల్ రికార్డులో లోలకం రీడింగు ఒకటి తప్పు రాశాను. ఇంకు పెన్ను. అందరం చేసే పనే చేశాను. బ్లేడుతో సున్నితంగా గీకి, దాని మీద సరైన అంకె వేశాను. సైన్స్ మాస్టారు ఆ పేజీని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. గీకిన చోట కాగితం పలచబడి దీపంలాగా వెలుగుతోంది. "తప్పు రాస్తే దాని మీద ఒక్క గీత కొట్టు. పక్కన సరైంది రాసి సంతకం పెట్టు. అప్పుడు పోయేది ఒక మార్కు. గీకితే ఈ పేజీలో మిగతా రీడింగులన్నీ నేనెలా నమ్మేది?" అన్నారు. మాస్టారు ఇక్కడే ఉన్నారు. ఆయనకు గుర్తుందో లేదో. నాకు మాత్రం ఆ వెలుగు గుర్తుంది.

లోహం కూడా అంతే. పంచ్‌తో అంకె కొట్టినప్పుడు గుంట పడటమే కాదు, ఆ గుంట కింద కొంత లోతు వరకు ఇనుములోని రేణువులు నలిగి గట్టిపడతాయి. పైన గ్రైండ్ చేసి నునుపు చేసినా ఆ నలిగిన భాగం అలాగే ఉంటుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో క్యూప్రిక్ క్లోరైడ్ కలిపిన ద్రావణం పూస్తే నలిగిన చోట ఒకలా, మామూలు చోట ఒకలా తినేసి పాత అంకె నీడలా పైకి వస్తుంది. ఫోరెన్సిక్ లాబుల్లో దొంగ బండ్ల అసలు నంబర్లు పట్టుకునే పద్ధతుల్లో ఇదొకటి. అంటే నేను 438ని చెరిపి 483 కొట్టిస్తే, రేపు ఎవరైనా పరీక్షించినప్పుడు నా కారు చెప్పే సాక్ష్యం ఒక్కటే: నంబరు మార్చిన కారు. దొంగ కారుకూ మా నాన్న కారుకూ తేడా చెప్పగలిగిన ఒకే ఒక్క రుజువు ఆ రేకు మీద ఉంది. దాన్ని నా చేత్తో నేనే చెరిపేసేవాడిని. తమ్ముడి ప్రశ్నకు అదీ జవాబు. తప్పున్నది కాగితంలో అయితే కాగితాన్నే దిద్దాలి. లోహాన్ని ముట్టుకోకూడదు.

అయితే తప్పు కాగితంలోనే ఉందని ఎలా తెలుసు? నాన్న కొన్న బండే వేరొకరిదైతే? ఇక్కడ నాన్న నేర్పిన లెక్క పనికొచ్చింది. ఆయన ఇంట్లో పద్దులు చూసేటప్పుడు చెప్పేవారు: "కూడిక కుదరకపోతే తేడాను తొమ్మిదితో భాగించు. శేషం లేకుండా పోతే ఎవరో రెండంకెలు తారుమారు చేసి ఉంటారు." పక్కపక్క అంకెలు చోటు మారితే తేడా ఎప్పుడూ ఆ రెండంకెల భేదానికి తొమ్మిది రెట్లు, లేదా దాని పక్కన సున్నాలు. లెక్కల మాస్టారు, తప్పయితే ఆపండి. 483లోంచి 438 తీస్తే 45. తొమ్మిది ఐదులు. ఎనిమిదికీ మూడుకీ భేదం ఐదు. ఇది రుజువు కాదు, ఏ రెండు సంఖ్యల తేడా అయినా తొమ్మిదిలో ఒకసారి అలా భాగింపబడవచ్చు. కానీ ముందున్న అంకెలన్నీ సరిపోయి, చివర ఇలా ఉంటే, ఇది వేరే బండి కాదు, ఎత్తిరాతలో వచ్చిన పొరపాటు అనిపించింది.

ఈ కాలపు బండ్లకు 17 అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. అందులో ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు, ఒకటితోనో సున్నాతోనో పొరబడతారని. అమెరికా బండ్లలో తొమ్మిదో స్థానంలో ఒక తనిఖీ అంకె కూడా పెడతారు. మిగతా వాటిలో ఏదైనా తారుమారైతే అది చాలావరకు పట్టిచ్చేస్తుంది. 1967 ఫియట్‌కు అలాంటి కాపలా ఏదీ లేదు. మనిషి కన్ను, మనిషి చెయ్యి, అంతే.

కాబట్టి మొదటి రాత ఎక్కడుందో అక్కడికే వెళ్ళాలి. ప్రతి బండి వివరాలూ ఆర్సీ బుక్కులోనే కాక, ఆఫీసు వాళ్ళ రిజిస్టరులోనూ రాస్తారు. పాతవాళ్ళు దాన్ని బీ-రిజిస్టరు అంటారు. మన కారు మొదట రిజిస్టరైంది కోస్తాలో. 2014 తర్వాత అది వేరే రాష్ట్రం. కారు తెలంగాణలో, దాని పుట్టుక పద్దు ఆంధ్రప్రదేశ్‌లో. కంప్యూటర్లో వెతికితే మా నంబరే లేదు. మూడుసార్లు వెళ్ళాను. మూడోసారి, రిటైర్మెంటుకు దగ్గరపడిన ఒక గుమాస్తా గారు, నా ముఖం చూసి జాలిపడ్డారో ఏమో, నిచ్చెన వేసుకుని పై అరలోంచి అట్ట ఊడిన ఒక లెడ్జరు దించారు. 1967 పేజీలో మన కారు ఉంది. గుండ్రటి చేతిరాత. 438.

ఆ పేజీ అంచున ఎర్ర ఇంకుతో "డూప్లికేటు ఆర్సీ ఇవ్వబడినది" అని 1978 తేదీతో ఒక వరుస ఉంది. దానికి సంబంధించిన దరఖాస్తు కూడా పాత కట్టలో దొరికింది. తీసి చూశాను. చెయ్యి ఆగిపోయింది. ఆ చేతిరాత నాకు నా చేతిరాత కంటే బాగా తెలుసు. మా నాన్నది. ఛాసిస్ నంబరు గడిలో 483.

1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వచ్చిన సంగతి మీలో పెద్దవాళ్ళకు తెలుసు. వేలమంది పోయారు. మేమున్న రైల్వే క్వార్టర్లలోకి కూడా నీళ్ళొచ్చాయి. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. మంచం మీద నిలబడి చూసినట్టు గుర్తు. ఆర్సీ బుక్కు ఆ నీళ్ళలో నానిపోయింది. రెండు నెలల తర్వాత, జ్ఞాపకం మీదనో, అలుక్కుపోయిన అంకెలు చూసో, నాన్న ఆ దరఖాస్తు నింపారు. జీవితమంతా ఇతరుల పద్దుల్లో తారుమారైన అంకెలు పట్టుకున్న మనిషి, తన సొంత కారు నంబరులో రెండంకెలు తారుమారు చేశారు. అవతలివాళ్ళు ఆ దరఖాస్తు చూసే బుక్కు రాసిచ్చారు. 1990లో ఒకసారి రెన్యువల్ అయింది కానీ, ఆ పనంతా ఒక ఏజెంటు చూసుకున్నాడు. బండి దాకా ఎవరూ వెళ్ళలేదనుకుంటాను.

ఇంజను సంగతి ఇంటి ట్రంకు పెట్టెలోనే తేలింది. 1983లో బ్లాకు పగిలితే అదే రకం 1089 సీసీ బ్లాకు మరొకటి వేయించారు. బిల్లు ఉంది, దాని మీద కొత్త నంబరు ఉంది. ఆర్సీలో మాత్రం ఎక్కించలేదు. ఇప్పటి చట్టం ప్రకారం ఇంజను మారిస్తే 14 రోజుల్లో చెప్పాలి. మేము చెప్పడానికి ముప్పై తొమ్మిదేళ్ళు పట్టింది.

ఇక అఫిడవిట్. రాసిపెట్టే లాయరు గారు స్నేహపూర్వకంగా "గుమాస్తా పొరపాటు అని రాసేద్దాం. అప్పటివాళ్ళు ఇప్పుడెవరున్నారు, ఎవరడుగుతారు?" అన్నారు. తమ్ముడు కూడా అదే అన్నాడు. "పోయిన నాన్న మీద స్టాంపు పేపరు మీద తప్పు రాస్తావా?" అని గొంతు పెంచాడు. ఆ రోజు మేమిద్దరం భోజనానికి కూర్చోలేదు. అమ్మ నాన్న దరఖాస్తు జిరాక్సు అడిగి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఆఫీసులో ఒకరి తప్పు ఇంకొకరి మీద పెడితే మీ నాన్న నిద్రపోయేవారు కాదు. మీరు ఆయన తప్పు ఎవరో గుమాస్తా మీద పెడతారా?" అంది. తమ్ముడు ఇంకేమీ అనలేదు. "ఈ పొరపాటు మా తండ్రిగారు స్వహస్తాలతో నింపిన దరఖాస్తులో జరిగినది" అని రాశాను. ఇద్దరం సంతకాలు పెట్టాం.

రిజిస్టరు పేజీ ధ్రువీకరించిన నకలు, దరఖాస్తు నకలు, పెన్సిలు ప్రింటు, పెయింటు తీయకముందూ తీశాకా ఫోటోలు, 1983 బిల్లు, అది దొంగ బండి కాదని పోలీసు రికార్డుల ధ్రువీకరణ, వారసత్వంగా పేరు మార్చమని ఫారం 31, రెన్యువల్‌కు ఫారం 25. అన్నీ ఒకే ఫైల్లో పెట్టి ఇచ్చాను. అనుకున్నట్టే రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు వచ్చింది: రిజిస్ట్రేషన్ ఎందుకు రద్దు చేయరాదో తెలపండి. అది నాన్న పేరు మీదే వచ్చింది. వెళ్ళాను. అధికారి అన్నీ చూశారు. రెండు రాష్ట్రాల ఆఫీసుల మధ్య ఉత్తరాలు నడిచాయి. చివరకు బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు బానెట్ ఎత్తి, తన చేత్తో మళ్ళీ ప్రింటు తీసి, లెడ్జరు నకలు పక్కన పెట్టి చూసుకున్నారు. రద్దు కాలేదు. ఛాసిస్ నంబరు సరిదిద్దారు, ఇంజను మార్పు నమోదు చేశారు. జరిమానాలు, ఆలస్యపు ఫీజులు కట్టాను. కట్టాల్సినవే.

చాలామంది "మరి వింటేజ్ నంబరు తీసుకోలేదా?" అని అడుగుతారు. లేదు. ఇంజను పుట్టుకతో వచ్చింది కాదు కాబట్టి అసలు రూపం అని చెప్పుకోవడానికి నాకే మనసొప్పలేదు. పైగా వింటేజ్ కింద నమోదైతే ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు తప్ప రోజువారీ తిరగడానికి వీల్లేదు. మహంకాళి గుడి ఆ జాబితాలో లేదు.

చివరగా, మీ ఇళ్ళల్లో నాన్నల చేతక్‌లు, తాతల బుల్లెట్లు, అంబాసిడర్లు ఉంటాయి. నాలుగు మాటలు. ఒకటి, ఈ ఆదివారమే పెన్సిలు తీసుకుని ప్రింటు తీసి ఆర్సీతో పోల్చి చూడండి. తెలిసిన పెద్దవాళ్ళు బతికుండగానే చూడండి. రెండు, పెయింటుకు ఇచ్చే ముందు నంబర్ల ఫోటోలు తీయండి, నంబరు పలక రివెట్లు ఊడదీయనివ్వకండి. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో 1959 నాటి కార్వెట్ కారుకు బాగుచేసేటప్పుడు పలక తీసి మళ్ళీ బిగించారు. 2017లో తనిఖీలో అది బయటపడి కారును పోలీసులు స్వాధీనం చేసుకున్నారు. 2022లో ఆ రాష్ట్రం చట్టమే మార్చాల్సి వచ్చింది. మూడు, యజమాని పోతే 30 రోజుల్లో ఆఫీసుకు తెలియజేసి, మూడు నెలల్లో ఫారం 31 ఇవ్వండి. మాలాగా మూడేళ్ళు ఆగకండి. నాలుగు, పంచ్ సెట్టు ఉన్నవాడి ఫోన్ నంబరు దగ్గర పెట్టుకోకండి.

అమ్మ గుడికి వెళ్ళింది. ముందు సీట్లో కూర్చుంది. దారిలో ఒక్క మాట మాట్లాడలేదు. దిగేటప్పుడు డ్యాష్‌బోర్డు మీద చేత్తో ఒకసారి నిమిరింది.

కారు ఇప్పుడు బయట వేపచెట్టు కింద ఉంది. మాస్టారూ, సాయంత్రం మిమ్మల్ని ఇంటి దగ్గర దింపే పూచీ నాది. ఆర్సీ బుక్కు కూడా చూపిస్తాను. 483 మీద ఒక్క గీత ఉంది, పక్కన 438 ఉంది, కింద సంతకం ఉంది. ఎక్కడా గీకలేదు.

ఒకవేళ స్టార్ట్ కాకపోతే, తోసే ముగ్గురూ ఇక్కడే ఉన్నారు. భోజనం కాస్త గట్టిగానే చేయమని మనవి.

సెలవు.